పెద్దబాపుకు చెప్పని సమ్మె

మొన్న మంగళవారం మా పెద్దబాపు పోయారని దౌల్తాబాద్ నుంచి కబురొచ్చింది. చివరి రోజుల్లో అక్కడ కూతురి దగ్గర ఉన్నారు. మాకు చుట్టం కాదు. సిద్దిపేటలో సావుకారి మగ్గాల కార్ఖానాలో ఆయన పక్క మగ్గం నాది. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఆయనకు రెండు చెవులూ వినబడకుండా పోయాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకునేవారు. నా మగ్గం మీద పోగు తెగితే నాకంటే ముందు ఆయనే చూసి, చేయి చాపి ఆపి నవ్వేవారు.

ఒక ఏడు కూలి పెంచమని మా సంఘం సమ్మెకు దిగింది. తెల్లారి ఎవరూ పనిలోకి పోవద్దని సాయంత్రం అందరం కూడి అనుకున్నాం. పెద్దబాపు ఎక్కడో వెనక కూర్చున్నారు. ఆయనకు విడమరిచి చెప్పాల్సింది నేను. పొద్దున చెబుదాంలే అనుకుని ఇంటికి పోయాను.

పొద్దున నేను చేరేసరికి గేటు దగ్గర గుంపు. ఆయన ఎప్పటిలాగే సద్దిమూటతో లోపలికి పోతుంటే ఆగమని అరిచారట. ఆయన ఆగలేదు. వెనక నుంచి రాయి వచ్చి తలకు తగిలింది. నేలమీద కూలబడ్డ మనిషి చుట్టూ మావాళ్లే, సావుకారి మనిషని తిడుతూ. విసిరినవాడి చేతిలో ఇంకో రాయి సిద్ధంగా ఉంది. నేను అడ్డంపడి, తప్పు నాదేనని చెప్పాను. ఆ చేయి దిగేదాకా పక్కకు జరగలేదు.

పెద్దబాపు నా పెదవులే చూస్తున్నారు. సంగతి అర్థమయ్యాక తువ్వాలతో నెత్తురు ఒత్తుకుంటూ అన్నారు: "నాకు చెవులు లేవు బిడ్డా. మీకు నోర్లున్నయి గద. ఒక్కలన్న నా ముందటికొచ్చి చెప్పకపోతిరి."

ఆయన ఇంటికి పోలేదు. కట్టు కట్టించుకుని వచ్చి మాతోనే కూర్చున్నారు.

పదకొండో రోజు సావుకారి కబురంపాడు. కూలి పెంచుతాడట, అందరినీ తీసుకుంటాడట, చెవిటోడు మాత్రం వద్దట. సగం ఇళ్లలో పొయ్యి రాజుకోవడం లేదు. ఒక్కడి కోసం ఎన్నాళ్లని కొందరు గొణిగారు. ఒకరిద్దరు తువ్వాలలు దులుపుకుని లేచారు కూడా. పెద్దబాపు ఒక్కో ముఖమే చూస్తున్నారు.

అప్పుడు రాయి విసిరినవాడు మెల్లగా, "ఆయన లేంది నేను లోపలికి పోను" అన్నాడు. లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారు. ఇంకో మూడు రోజులకు సావుకారి ఒప్పుకున్నాడు.

నా తప్పును ఆయన ఒక్కనాడూ ఎత్తిచూపలేదు. ఆ తర్వాత సంఘం కూడినప్పుడల్లా ముందు వరుసలో కూర్చునేవారు. మా సంఘం నాయకుడు వెలుతురు తన ముఖం మీద పడేట్టు జరిగి, ఒక్కో మాటా నెమ్మదిగా పలికేవాడు. పెద్దబాపు తల ఊపేదాకా మేమంతా ఆగేవాళ్లం.