గట్టు కింద ఎలుకల గాదె

ఉదయం ఆరున్నర. విశాఖపట్నంలో నాలుగో అంతస్తులోని మా ఇంట్లో, రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న పంజరం మూలనుంచి వెల్లుల్లి వాసన వచ్చింది. మా అమ్మాయి పెంచుకునే హామ్‌స్టర్ గింజల్ని దొరికినచోట తినదు. రెండు బుగ్గల సంచుల్లో భుజాలదాకా కుక్కుకుని, గూటి మూలకు మోసుకుపోయి, ముందుకాళ్ళతో బుగ్గల్ని వెనకనుంచి ముందుకు ఒత్తి, ఒక్కొక్కటే బయటికి తీసి దాస్తుంది. ఆ కుప్పను కదిపితే పొద్దుతిరుగుడు గింజలు, ఎండిన క్యారెట్ ముక్క, వంటింట్లోంచి ఎలా వచ్చిందో తెలియని వెల్లుల్లి రెబ్బ కనిపించాయి. భయపడవలసిందేమీ లేదు. అయినా ఆ రెబ్బను పారేసి, చేతులు మూడుసార్లు కడుక్కున్నాను.

నా చిన్నప్పుడు, చోడవరానికి ఆరు కిలోమీటర్ల దూరాన, వడ్డాది దారిలో ఉన్న మా ఊళ్ళో వరికోతలు ముగిసి, పొద్దెక్కినా మంచు వీడని పుష్యమాసంలో, గోవాడ చక్కెర మిల్లు వైపునుంచి గాలి మళ్ళినప్పుడల్లా కాగుతున్న చెరకు రసం వాసన వేస్తుంటే, నాన్న తల్లి అయిన మా మామ్మ గునపం పట్టుకుని గట్ల వెంట నడిచేది. పొలం ఎలుకలకు బుగ్గల్లో సంచులుండవు. వరి వెన్నును ఏటవాలుగా కొరికి, నోట కరుచుకుని, గట్టు లోపల తొలిచిన గదిలో పొరలు పొరలుగా పేరుస్తాయి. తాజా మట్టి ఉన్న కన్నం చూసి మామ్మ తవ్వేది. ఆ ధాన్యాన్ని మంగలం అనే మట్టి మూకుడులోని వేడి ఇసుకలో పేలాలుగా వేయించి, బెల్లం ముక్కతో మాకు పెట్టేది.

నాకు తొమ్మిదేళ్ళు, చెల్లికి అయిదేళ్ళు ఉన్న ఏడాది, మామ్మ పొద్దున్నే అర కుంచం ధాన్యం తెచ్చి, పెరట్లో జల్లించి, మధ్యాహ్నం మంగలం పొయ్యిమీద పెట్టింది. చెల్లి మొదటి గుప్పెడు తినేసింది. నేను బెల్లం కోసం ఆగాను. అప్పుడే పక్క చెరకు తోట రైతు అప్పలనాయుడు వాకిట్లోకి వచ్చాడు.

“ఏటత్తా, నా గట్టు కూడా తవ్వీసేవంట? ఎలకలకి వాటా ఉంచేవా లేదా?”

“గట్టు నీదైతే ఏటి, ఎన్నులు మా సేలోవే కదా!” అంది మామ్మ నవ్వుతూ.

“సర్లే గానీ, నిన్న ఆ కన్నాల్లో మందెట్టేను. నూకల్లో కలిపి కాయితం పొట్లాలు కట్టేను. సూడలేదేటి?”

మామ్మ చేయి ఆగిపోయింది. “కాయితం ముక్కలు సూసేను బాబూ. ఎలకలు పిల్లలకి పక్కేసుకున్నాయనుకున్నాను.”

ఎలుకలు మందు తినలేదు. తర్వాతి రోజులకోసం, పొట్లాలతో సహా గాదెలోకి మోసి వెన్నుల నడుమ దాచుకున్నాయి. తడి తగిలితే ఆ మందు వెల్లుల్లి వాసన వేస్తుంది. నేను జల్లెడ తీసి వాసన చూశాను. వేసింది.

నాన్న చెల్లిని స్కూటరు మీద చోడవరం ఆసుపత్రికి తీసుకుపోయాడు. మామ్మ మిగిలిన పేలాల్ని, ధాన్యాన్ని చేటలో పరిచింది. “ఒసే గుంటా, నీ కళ్ళు మంచివి. నూక కనిపిస్తే సెప్పే.” చేలోంచి ఎలుక తెచ్చేది పొట్టుతో ఉన్న ధాన్యమే, అందులో నూక దొరికిందంటే అది మందే. ఒక్కొక్క గింజా పక్కకు జరిపాం. ఒక్క నూకా దొరకలేదు. నమ్మకం కుదరక మళ్ళీ మొదటినుంచి చూశాం.

ఇంతలో పెరటి గోడ దగ్గర ఒక కోడి తూలి పడింది. తర్వాత ఒక్కొక్కటే మరో మూడు. అవి పొద్దుటినుంచి కెలుకుతున్నది జల్లెడ కిందికి రాలిన మట్టిని.

“నూకలన్నీ కిందకే దిగిపోయేయి,” అంది మామ్మ. చేటను మళ్ళీ దగ్గరికి లాక్కుని తనే అడిగింది: “అన్నీ దిగుంటాయా?”

జల్లెడ కన్నాల్లోంచి నూక దిగుతుంది. పొట్టుకు అంటుకున్న మందు పొడి దిగిందో లేదో ఎవరు చెప్పగలరు? దీపాలు పెట్టే వేళకు స్కూటరు చప్పుడైంది. మామ్మ చేట ముందునుంచి లేవలేదు. కడుపు కడిగించుకున్న చెల్లి నాన్న భుజం మీద నిద్రపోతోంది.

ఇప్పుడు ఆ గట్లను చదును చేసి ప్లాట్ల రాళ్ళు పాతారు. ఎలుక కన్నం తవ్వడం తెలిసినవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. ఆనాటి నష్టం: నాలుగు కోళ్ళు, గోతిలో పూడ్చిన ధాన్యం, పగలగొట్టిన మంగలం. చెల్లి దక్కింది. మామ్మ ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. తన చేత్తో మళ్ళీ మాకేదీ పెట్టలేదు.