ట్రే మీద చల్లిన తీర్థం

చాలా ఏళ్లుగా ఒక మాటను అన్నం ముద్దతో పాటు మింగుతూ వచ్చాను. అది అరగలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కనుకనే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను బడికి పోలేదు. నాయిన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోయాడు. తెలంగాణ ఆంధ్రలో కలిసి అప్పటికి కొన్నేళ్లయింది. మా వాడకట్టు ఎల్లవ్వ నన్ను నల్గొండలో ఒక చిన్న కాన్పుల దవాఖానకు తీసుకుపోయి, తనతో పాటు ఆయా పనిలో పెట్టించింది. వాళ్లది మేకలు పెంచే ఇల్లు. నాకు పని నేర్పింది ఆమే. నా నోట్లోకి పోయిన ప్రతి మెతుకూ ఆమె దయే అని రోజూ దండం పెట్టుకునేదాన్ని. అటువంటి మనిషికి నేను ఏం చేశానో వినండి.

పుట్టిన బిడ్డ ఏడవకపోతే, గొంతులో అడ్డుపడిన జిగురు లాగడానికి సన్నని రబ్బరు గొట్టం ఉండేది. ఎప్పుడు అవసరం పడుతుందో తెలియదు. అందుకని దాన్ని ముందే నీళ్లలో మరగబెట్టి, ట్రేలో పెట్టి, గుడ్డ కప్పి సిద్ధంగా ఉంచాలి. శుద్ధిగా ఉంటానని ఆ పని నాకిచ్చారు.

బిడ్డ ఊపిరి ఆ ట్రేలోనే ఉందనిపించేది. అందుకని పొద్దున పూజ కాగానే తులసి తీర్థం చిన్న సీసాలో పోసుకుని వచ్చి, గుడ్డ ఎత్తి గొట్టం మీద చల్లేదాన్ని. ఒకసారి ఎల్లవ్వ చూసి నవ్వింది.

"ఏమే పిల్లా, మీ దేవునికి గూడ గీడనే డ్యూటీ ఏసినవా? మరి జీతం ఎవలిస్తరే?"

ఆ వానకాలంలో ఒక బిడ్డ నీలంగా పుట్టింది. గొట్టం పెట్టి లాగగానే కేర్‌మంది. నేను గోడకు ఆనుకుని దేవుడికి మొక్కుకున్నాను. రెండు మూడు రోజులకే ఆ బిడ్డకు జ్వరం. పాలు తాగలేదు. పోయింది. తర్వాత ఇంకో తల్లి బిడ్డ. అదీ అట్లాగే పోయింది. ఇద్దరికీ ఆ గొట్టమే పెట్టారు.

డాక్టరమ్మ ట్రే తెరిచి చూసింది. అడుగున తడి. మరగబెట్టిన గొట్టం మీద మామూలు నీళ్లు పడితే ఆ తడిలో కంటికి కనిపించని పురుగు పెరుగుతుందని, అది బిడ్డ గొంతులోకి దిగుతుందని చెప్పి, అందరినీ నిలబెట్టి అడిగింది.

"ఇందులో నీళ్లు ఎవరు పోశారు?"

సీసా నా చెంగులోనే ఉంది.

"ఎల్లవ్వనే అయ్యుంటదమ్మా," అంది నర్సు. "మేకలను ముట్టిన చేతులు. గీ పిల్లవి పూజ చేసే చేతులు."

"నేను ముట్టలే తల్లీ, నా పిల్లల మీద ఒట్టు." ఎల్లవ్వ నా వైపు తిరిగింది. "జర నువ్వన్న చెప్పు పిల్లా."

"నాకు తెల్వదు," అన్నాను.

ఆమె ఏం చెప్పమంది? సీసా సంగతా? తన మంచితనమా? తీర్థం చల్లడం చూసింది కదా, తనే ఎందుకు చెప్పలేదు? దేవుడి నీళ్లలో పురుగు ఉంటుందని ఆమెకూ తోచలేదేమో. లేక నా బతుకు పోతుందని ఊరుకుందా?

పని పోతుందని భయపడ్డానని నాకు నేను చాలా కాలం చెప్పుకున్నాను. అది సగమే నిజం. నేను మొక్కి తెచ్చిన నీళ్లే బిడ్డలను చంపాయని నా నోటితో అనలేకపోయాను. దేవుడి పరువు కాపాడుతున్నాననుకున్నాను. కాపాడుకున్నది నన్నే.

ఎల్లవ్వను ఆ రోజే తీసేశారు. వాడలో ఎవరూ పసిపిల్లను ఆమె చేతికి ఇవ్వడం మానేశారు. చివరికి అచ్చంపేట దగ్గర కూతురి ఇంటికి వెళ్లిపోయి, అక్కడే కన్ను మూసిందట. నేను పోయి చూడలేదు. ఏ ముఖంతో పోను?

క్షమించమని అడగడం లేదు. అడగవలసిన మనుషులు లేరు. మీరు ఎప్పుడైనా ఆ వైపు పోయి, ఆమె మనవలు కనిపిస్తే, ఒక్క మాట చెప్పండి. మీ అవ్వ చేతులు శుభ్రమైనవని. ట్రేలోని ఆ తడి నా చేతిదని.