పది అంకెల నీలం తెర

అగ్గిపుల్లకి ఆ పేరు ఊరికే రాలేదు. కంప్యూటర్లు బాగుచేసే మనిషి. చేతిలో పనితనం ఎంతుందో, ముక్కు మీద కోపం అంతకి రెండింతలుంటుంది. ఆవిడకో అలవాటుంది. మిషన్ని ఆపి మళ్ళీ లేపే మీట నొక్కిందంటే, అది లేచేదాకా ఎదురుగా కూర్చోదు. "దాని మొహం చూస్తూ కూర్చుంటే నాకు ఒళ్ళు మండుతుంది" అని లేచి మెట్ల మీదకి పోతుంది. ఇన్నేళ్ళూ అదే తీరు.

ఆ రోజు మంట పెట్టింది ఆవిడ బావ, అక్క మొగుడు. అక్క చెక్కపనివాళ్ళకి అలమారాల బొమ్మలు గీసిస్తుంది, కంప్యూటర్లోనే. తెర మీద తలుపు లాగితే తెరుచుకుంటుంది, తోస్తే మూసుకుంటుంది. ఇన్నాళ్ళకి ఒక పెద్ద ఇంటి పని మొత్తం అక్క చేతికొచ్చేలా ఉంది. ఆ ఇంటావిడ ఆ రోజు నాలుగింటికి వచ్చి బొమ్మ చూస్తానంది. నచ్చితే సరే, లేదంటే ఇంకొకరి దగ్గరికి పోతుంది. సరిగ్గా ముందురోజే తెర మీదకి బొమ్మ పంపే పాత గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను బిగుసుకుపోయి, కార్డు కాలి కూర్చుంది. బావ ఎవర్నీ అడక్కుండా కొత్తది తెచ్చి గుచ్చేశాడు.

గుచ్చాక తెరైతే వచ్చింది గానీ, అక్షరం ఒక్కోటీ ఇటుకంత. అక్క బొమ్మల ప్రోగ్రాం తెరవబోతే, ఇక్కడ గ్రాఫిక్స్ కార్డే లేదు పొమ్మంది.

అగ్గిపుల్ల పన్నెండింటికి వచ్చింది. చెప్పులు విప్పుతూనే మొదలు.

"కొనేముందు ఇది లైనక్స్‌కి పనికొస్తుందా అని నన్నొక్క మాట అడిగితే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా బావా?"

"కొట్టువాడు అన్నిటికీ పనికొస్తుందన్నాడమ్మా."

"మరేం అంటాడు? నీకు పనికిరాదు, ఇంటికి పో అంటాడా?"

"అసలీ కంప్యూటర్‌ని నడిపించడానికి ఆ లైనక్స్ పెట్టింది నువ్వే కదా. జన్మలో ఇబ్బంది పెట్టదన్నావు. నాకు బాగా గుర్తు."

ఆ మాట ఆవిడకి తేలు కుట్టినట్టయింది. ఎందుకంటే అన్న మాట నిజమే.

కంప్యూటర్ ముందు కూర్చుంది. కార్డుకీ కంప్యూటర్‌కీ మాట కలిపేది డ్రైవరు. కార్డు చేసిన కంపెనీ డ్రైవరే తెచ్చి ఎక్కించింది. మధ్యలో అది పాస్‌వర్డ్ ఒకటి పెట్టుకోమంది. "నీ మొహానికి పాస్‌వర్డ్ కూడానా" అని ఒకటి నుంచి ఎనిమిది దాకా టపటపా కొట్టి, మిషన్ని మళ్ళీ లేపే మీట నొక్కి, మెట్ల మీదకి పోయింది. తిరిగొస్తే ఇటుకలే.

అది పీకేసి, దానికంటే పాత డ్రైవరు ఎక్కించింది. మళ్ళీ పాస్‌వర్డ్, మళ్ళీ మెట్లు, మళ్ళీ ఇటుకలు. మూలన మంచం మీద దుప్పటికి కుట్లు వేసుకుంటున్న బావ వాళ్ళమ్మ ఏదో అనబోయింది.

"మీరుండండత్తయ్యా."

మూడోసారి కూడా అదే వరస. "అమ్మాయ్, ఆ నీలం..." అంది అత్తయ్య.

"మీరుండండి, నా తల పగిలిపోతోంది."

మూడు గంటలయింది. మిషన్ రాసుకున్న చిట్టా తిరగేస్తే అందులో 'తాళం ఒప్పుకోలేదు' అని ఒక ముక్క కనపడింది. కోపంలో ఉన్న మనిషికి ఏ ముక్క అయినా ఒకేలా అర్థమవుతుంది. "నకిలీ కార్డు అంటగట్టారు నీకు" అని బావ మీద లేచి, పెట్టె మూత తీసి కార్డు పీకబోయింది.

అప్పటిదాకా నోరెత్తని అక్క అంది, "అది కూడా పీకేస్తే, ఆవిడ వచ్చాక నేనేం చూపించనే?"

అత్తయ్య సూది దుప్పటికి గుచ్చి పక్కన పెట్టింది.

"ఇప్పుడైనా చెప్పచ్చా? నువ్వలా మెట్ల మీదకి వెళ్ళగానే నీలం తెర ఒకటొస్తోంది. ఏం రాసుందో నాకు తెలీదు గానీ, పది, తొమ్మిది, ఎనిమిది అని అంకెలు తగ్గుతాయి. సున్నా కాగానే వెళ్ళిపోతోంది. మూడుసార్లూ వచ్చింది పాపం."

అగ్గిపుల్ల చెయ్యి కార్డు మీదే ఆగిపోయింది. ఆ కంప్యూటర్‌కి ఒక కాపలా ఉంది. కొత్తగా వచ్చిన డ్రైవర్ని గుమ్మంలోనే నిలబెట్టి, ఇంటివాళ్ళు వచ్చి వీడి తాళం మంచిదే, మావాడే అంటే గానీ లోపలికి రానివ్వదు. చిట్టాలో 'తాళం ఒప్పుకోలేదు' అన్నది ఆ కాపలాయే, పాస్‌వర్డ్ పెట్టుకోమన్నదీ అందుకే. ఆ 'మావాడే' అనే మాట చెప్పాల్సింది నీలం తెర మీద, పది అంకెల లోపు. ఆ పది అంకెలూ ఈవిడ మెట్ల మీద పళ్ళు నూరుతూ గడిపింది.

మూత బిగించి, మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించింది. ఈసారి కుర్చీకి అతుక్కుని కూర్చుంది. నీలం తెర వచ్చింది. ఏడు దగ్గర ఒక మీట నొక్కింది. తాళం ఒప్పుకుంటానని చెప్పి, ఒకటి నుంచి ఎనిమిది కొట్టింది. మిషన్ లేచేసరికి అక్షరాలు చీమలంతయ్యాయి. అక్క అలమారా తలుపు లాగితే మెత్తగా తెరుచుకుంది. గడియారంలో నాలుగవడానికి ఇంకా పది నిమిషాలుంది.

"చూశావా, కార్డు మంచిదే" అన్నాడు బావ.

"నువ్వు నోరు ముయ్యి." తర్వాత అత్తయ్య వైపు తిరిగింది. "మీరైనా గట్టిగా చెప్పాలి కదా."

"మూడుసార్లు నోరు తెరిచాను తల్లీ. రెండుసార్లు నువ్వే మూయించావు, మూడోసారి మీ అక్క పుణ్యమా అని తెరిచాను."

కింద తలుపు తట్టారు. అక్క కొంగు సర్దుకుని ఇంటావిడకి ఎదురెళ్ళింది. అగ్గిపుల్ల సామాను సంచీలో కుక్కుకుంటూనే ఉంది, మండిపడుతూనే ఉంది. "పది అంకెలేంటి, ఇరవై పెడితే వాళ్ళ సొమ్మేం పోయింది?"

అత్తయ్య మళ్ళీ సూదిలోకి దారం ఎక్కిస్తూ అంది. "కూర్చునేవాళ్ళకి పది చాలమ్మా."