గంగారాం సారు, నాలుగు డిస్కులు

పాడైపోతున్న హార్డ్‌డిస్కు చప్పుడు గోడ మీద బల్లి టిక్కుటిక్కుమన్నట్టు ఉంటుంది. ఈ ఉదయం మా షాపులో అది వినగానే కరెంటు ఆపేయడానికి నా చేయి దానంతటదే స్విచ్చి మీదికి పోయింది. ఆ అలవాటు గంగారాం సారు పెట్టింది.

నిజామాబాద్ బస్టాండు వెనక వీధిలో సారుకు కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. అంతకుముందు ఆయన బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో మీటర్లు బాగుచేసేవారు. నా పిల్లలిద్దరూ బడికి పోవడం మొదలయ్యాక, ఏదైనా పని నేర్చుకుందామని ఆయన దగ్గరికి వెళ్లాను. "స్క్రూలు విప్పుడు అందరికొస్తది బిడ్డా. ఎప్పుడు విప్పొద్దో తెల్వాలె" అని నవ్వి, తన పక్కనే కుర్చీ వేయించారు.

ఒక రోజు బోధన్ దగ్గరి పల్లె నుంచి రాజ్యలక్ష్మి గారు, ఆమె భర్త సుబ్బారావు గారు వచ్చారు. నిజాంసాగర్ కాలువ కింద చెరుకు వేసే కోస్తా కుటుంబం. ఇంట్లో ఫొటోలు, వీడియోలు దాచుకునే నాలుగు డిస్కుల పెట్టెను తువ్వాలులో చుట్టి తెచ్చారు. అలాంటి పెట్టెలో ఒక డిస్కు చెడినా మిగతా మూడూ దాని లోటు పూడుస్తాయి. ఒకటి చెడిందని ఎర్ర లైటు వెలిగినా వాళ్లు పట్టించుకోలేదు. కొన్ని నెలలకు రెండోది కూడా మొరాయించడంతో పెట్టెలోది ఏదీ తెరుచుకోలేదు.

"ఈయనకి గొంతు ఆపరేషనయిందండీ. ఇంక మాట రాదు. మనవరాలికి చెప్పిన కథలన్నీ ఇందులోనే ఉన్నాయి" అన్నారావిడ. సుబ్బారావు గారు పలక మీద ఏదో రాసి నా వైపు తిప్పారు. 'తొందరేం లేదమ్మా' అని ఉంది.

తొందరపడింది నేను. సారు భోజనానికి వెళ్లినప్పుడు, ఆయన వచ్చేలోగా బాగుచేసి చూపించాలనుకున్నాను. డిస్కులు తీసి, దుమ్ము తుడిచి, ఏది ఏ అరలోదో గుర్తు పెట్టుకోకుండా తిరిగి పెట్టేశాను. కొత్తగా అమర్చాలా అని తెర మీద అడిగితే, సరేనని నొక్కాను. అలా నొక్కితే పాతది చెరిగిపోతుందని అప్పటికి నాకు తెలియదు. అప్పుడే లోపలికి వచ్చిన సారు ఒక్క అంగలో ప్లగ్గు పీకేశారు.

"ఏం జేసినవ్?"

చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన పెట్టెను తన వైపు జరుపుకుని, "నాకు జెప్పినవ్. గిప్పుడు వాళ్లకు జెప్పు" అన్నారు.

"మీరు చెప్పండి సార్."

"చేసింది నువ్వు. నేను పక్కకు నిలవడ్త."

మర్నాడు ఆ దంపతులకు నేనే చెప్పాను. "నమ్మి ఇచ్చింది ఇందుకా అమ్మా?" అన్నారు రాజ్యలక్ష్మి గారు. సుబ్బారావు గారు చేతిలోని బలపం కింద పెట్టేశారు. సారు చేతులు జోడించారు. "షాపు నాది, తప్పు నాది గూడ. ఉన్నకాడికి తీస్తం. ఎంతొస్తదో మాటియ్యలేను."

ఆ తర్వాత మూడు వారాలు మాకు అదే పని. మొరాయించిన డిస్కును కాసేపు చదివించి, కాసేపు చల్లారనిచ్చి, అన్నింటికీ నకళ్లు తీశాం. అసలు డిస్కులు బీరువాలో పెట్టి తాళం వేశారు సారు. "ఎన్ని తప్పులు జేసినా నకలు మీదనే జెయ్" అన్నారు. డిస్కులు ఏ వరుసలో ఉండేవో తెలియదు కాబట్టి, కుదిరే వరుసలన్నీ కాగితం మీద రాసి, ఒక్కొక్కటి ప్రయత్నించి కొట్టేస్తూ వచ్చాం. వరుస తప్పితే ఫొటో పైభాగం వచ్చి, కింద అంతా బూడిదరంగు. ఒక మధ్యాహ్నం, చెరుకు ముక్క నములుతున్న చిన్నపిల్ల ఫొటో నిండుగా తెరుచుకుంది. సారు నా వీపు మీద ఒక్కటి చరిచారు.

దంపతులు వచ్చాక ఒక రికార్డింగు పెట్టాం. "ఈసారి రాజు కాదే బుజ్జమ్మా, నక్క కథ" అంది స్పీకరులో గొంతు. సుబ్బారావు గారి పెదవులు ఆ మాటలతో పాటే కదిలాయి. రాజ్యలక్ష్మి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మొదట్లో చెప్పిన కొన్ని కథలు మాత్రం రాలేదు, నేను నొక్కిన ఆ ఒక్క నొక్కుకు చెరిగిపోయాయి. వాళ్లు అడగకముందే ఆ మాటా చెప్పాను. తర్వాత ఇంట్లో లాప్‌టాప్ చెడిపోతే మా దగ్గరికే పంపారు.

సారు పోయి రెండేళ్లయింది. షాపు నేనే నడుపుతున్నాను. మొన్న ఒక టీచరమ్మ డిస్కు నా చేతిలో జారి పడింది. ఆమెకు ఫోన్ కలుపుతుంటే, 'మీరు తెచ్చినప్పుడే పోయింది మేడమ్' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అలా అంటే ఎవరికీ తెలియదు.

"మేడమ్, అది నా చేతిలోనే పాడైంది" అన్నాను.

ఆమె చాలాసేపు తిట్టింది. ఫోన్ పెట్టకుండా అంతా విన్నాను.