ఇరుసు ఆముదంతో ఇటలీ కారు

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఈ లోకంలో ఏదీ లేదని గట్టి నమ్మకం. పందొమ్మిదేళ్ళ వయసు, చింతామణిలో ఒక మేస్త్రి దగ్గర రెండేళ్ళుగా లారీల కింద పడుకున్న అనుభవం, వెనక జేబులో ఎప్పుడూ ఒక స్పానరు (అవసరం లేకపోయినా సరే, పెళ్ళిళ్ళకు కూడా అట్లాగే వెళ్ళేవాణ్ణి). ఒకరిని ఏదైనా అడగడమంటే పరువు తక్కువ. ఇప్పుడు ఎనభై దాటాక, డాక్టరు రాసిన మాత్రను కూడా నలుగురిని అడిగిగాని మింగను. ఆ అడగడం నాకు నేర్పింది ఒక కారూ, దానికి పోసిన ఆముదమూను.

కారు మా మేనమామది. ఆయన బాగేపల్లిలో వేరుశనగ వ్యాపారి. గనుల్లో పనిచేసిన దొర ఒకడు దేశం వదిలి పోతూ పోతూ తన ఇటలీ కారును వచ్చినకాడికి అమ్ముకుంటుంటే, మామ పోయి తోలుకొచ్చేశాడు. యుద్ధానికి ముందెప్పటిదో. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముందు ముక్కు పొడుగు, వెనక తోక సన్నం. ఎర్ర రంగు వెలిసి ఇటుక రంగుకు వచ్చింది. చూడ్డానికి రేసు గుర్రంలా ఉండేది, లాగడానికి మాత్రం ప్రాణం లేదు. మామ మనిషి భారీ. ఆయన కూర్చోగానే కారు ఒక పక్కకు ఒరిగేది. చిక్కబళ్ళాపురానికి ముందు వచ్చే మిట్ట మీద సగం దూరం పోయి నిలిచిపోయేది. అట్లా నిలిచిన ఒకరోజు పొద్దున బస్సు పక్కనుంచే పోతూ, కండక్టరు తల బయట పెట్టి, ‘రాప్పా, సీటుండాది’ అని పిలిచాడట. బస్సంతా నవ్విందట. వ్యాపారంలో ఎంత నష్టం వచ్చినా అన్నం మానని మామ ఆ రాత్రి అన్నం మానేశాడని మా అత్త చెప్పింది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. మిట్టేమరిలో మాకు వేరుశనగ చేలుండేవి. మా నాయనకు నేను మడక దున్నడం వదిలేసి నల్లటి చేతులతో తిరగడం బొత్తిగా ఇష్టం లేదు. తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు, ఊరికే ఉండేవాడు. ఆ ఊరికే ఉండడమే నన్ను హడలగొట్టేది. ఆ సంవత్సరం మాత్రం నోరు విప్పి, ఉగాదికి సేద్యం పనులకు ఇంటికి వచ్చేయమన్నాడు. అంతే, ఒకే మాట. నేను పరుగెత్తి మామ కాళ్ళ మీద పడ్డాను. బాగేపల్లిలో రోడ్డు పక్కన ఆయన గోదాము పక్కనే ఖాళీ జాగా ఉంది. అక్కడ ఒక రేకుల షెడ్డు వేసిస్తే బండ్లు బాగుచేసుకుంటూ నా బతుకు నేను బతుకుతానని వేడుకున్నాను. మామ మీసం దువ్వుకుని, తన కారును ఆ మిట్ట ఎక్కించి చూపమన్నాడు. పొద్దున బస్సుతోపాటు బాగేపల్లిలో బయలుదేరి, దానికన్నా ముందు చిక్కబళ్ళాపురం మండీకి చేరాలి. చేరితే షెడ్డు, లేకపోతే మడక. కొత్త సామాను కొనడానికి మాత్రం చిల్లిగవ్వ ఇవ్వనని అప్పుడే చెప్పేశాడు. పైగా ఒక మెలిక పెట్టాడు.

‘పక్క సీట్లో మీ నాయన్ని కూర్చోబెట్టు. నేను నమ్మితే ఏమొస్తాదిరా, ఆయన నమ్మాల గదా.’

నెలరోజులు ఆ ఇంజినే నాకు లోకం. కొత్తవి కొనలేం కాబట్టి ఉన్నదాన్నే చెక్కుకోవాలి. ఇంజిన్ పైన మూతలా ఉండే హెడ్డును అడుగున కాస్త అరగదీస్తే, పెట్రోలు పేలే చోటు ఇరుకవుతుంది. ఇరుకైనకొద్దీ తోపు పెరుగుతుంది. బెంగుళూరులో అయితే దానికి మిషన్లున్నాయి. మాకు బండలున్నాయి. చింతామణి పక్క రాళ్ళకు కొదవా? నున్నగా చెక్కిన ఒక బండ తెచ్చి, దానిమీద గరుకు పొడి చల్లి, నేనూ మేస్త్రీ ఎదురెదురుగా కూర్చుని పదిరోజులు ఆ హెడ్డును రుద్దాం. దోసెలపిండి రుబ్బే ఆడవాళ్ళు మమ్మల్ని చూసి జాలిపడ్డారు. సందు లేకుండా హెడ్డు కింద వేయాల్సిన గాస్కెట్టు రేకును మా అవ్వ చిల్లుపడిన రాగి కాగు కోసి తయారుచేశాను, ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి మెత్తబరిచి. పాత సామాన్ల గుజిరీలో దొరికిన మిలిటరీ జీపు కార్బొరేటరు బిగించాం. సైలెన్సరు పీకేశాం. స్టార్టు చేస్తే చింతామణి సంతలో ఎద్దులు తాళ్ళు తెంపుకున్నాయి. నాకు సంతోషం కంటే భయం ఎక్కువైంది. ఇంత తోపును ఆ ముసలి ఇంజిన్ తట్టుకుంటుందా?

మేస్త్రికీ అదే అనుమానం. ఇంత వేడికి మామూలు ఆయిలు నిలవదన్నాడు. యుద్ధకాలంలో ఆయన మిలిటరీ వర్కుషాపులో పనిచేశాడు. అప్పట్లో రేసులాడే దొరలు ఇంజిన్లో ఆముదమే పోసేవాళ్ళని, ఆ వాసన తనకు ఇంకా గుర్తుందని చెప్పాడు. చెప్పి, కూతురి కాన్పని వాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడు. ఏ ఆముదం, ఎట్లాంటిది అని నేను అడగలేదు. ఆముదం గురించి అడగడమేమిటి? మా వేరుశనగ చేల గట్లన్నీ ఆముదం చెట్లే. నేరుగా మిట్టేమరికి పోయి మా అవ్వను అడిగాను.

మా అవ్వ ఆముదం వండడంలో పేరుపడ్డ మనిషి. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను తేర్చి మళ్ళీ కాచేది. పసిబిడ్డ కడుపుకైతే నీటిచుక్క లేకుండా చిటపట ఆగిపోయేదాకా కాచేది. తలకైతే కొంచెం తక్కువ. ఎద్దులబండి ఇరుసుకైతే ఇంకా తక్కువ, తడి ఉన్నా ఇరుసుకేమీ కాదు, పుల్లలు మిగులుతాయి కదా అని. ‘ఎవురికి నాయనా, కడుపుకా తలకా?’ అని అడిగింది. మామ కారుకవ్వా అన్నాను. కిరసనాయిలు డబ్బా అందుకుంటూ చెప్పింది.

‘కారుకైనా చక్రాలే గదా ఉండేది. ఇరుసుకు చాలు.’

ఇంజిను గురించి ముసలామెకు విడమరిచి చెప్పే ఓపిక నాకెక్కడిది? ఊ అన్నాను. ఆ ‘ఊ’ నన్ను ఈనాటికీ వదల్లేదు. డబ్బాలో పావువంతు పోసిచ్చింది. పాత ఆయిలంతా తీసి కడిగి, అది పోశాను.

అనుకున్న రోజు రానే వచ్చింది. నాయన ఇస్త్రీ పంచె కట్టుకుని, భుజాన తుండుగుడ్డ వేసుకుని బాగేపల్లికి వచ్చాడు. ఆయనకు ఈ లోకంలో ఒకే ఒక్క వ్యసనం ఉండేది. గోదాముకు ఎదురుగా ఉన్న హోటల్లో మసాలవడ. సంతకు వచ్చిన ప్రతిసారీ రెండు వడలు తిని, చేతికంటిన నూనెను మోచేతికి రాసుకుని, అప్పుడుగాని బేరానికి పోయేవాడు కాదు. ఆ పొద్దున కూడా రెండు తిన్నాడు. బస్సు హారను కొట్టింది. నాయన కారును ఒకసారి చుట్టి చూసి, ఎక్కి కూర్చున్నాడు. మామ అప్పటికే ముందురోజు చిక్కబళ్ళాపురం పోయి, మండీ ముందర గడియారం పట్టుకుని కూర్చున్నాడు.

బయలుదేరిన దగ్గర్నుంచీ నా కళ్ళు రోడ్డు మీద కంటే ఆయిలు ఒత్తిడి చూపే మీటరు ముల్లు మీదే ఉన్నాయి. ఆ ముల్లు నిలబడితే నేను నిలబడ్డట్టు, అది పడితే నేను మడక పట్టినట్టు. మొదట బాగానే నిలిచింది. కారు నిజంగా లాగింది! దారిలో పేరేసంద్ర దాకా బస్సు వెనకే పోయి, మిట్ట మొదట్లో యాక్సిలేటరు తొక్కాను. ముక్కుతూ ఎక్కుతున్న బస్సు పక్కనుంచి పెద్ద శబ్దంతో దాటేశాం. కండక్టరు నోరు తెరిచి చూశాడు. అప్పుడు మా నాయన తల వెనక్కి తిప్పి, ఆ బస్సును మిట్ట మలుపు దాకా చూస్తూనే ఉన్నాడు. నా పనిని ఆయన తిరిగి చూడడం అదే మొదలు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుని ముల్లు వైపు చూస్తే, అది వణుకుతోంది.

ఇంజిన్లోంచి ఆవిరి బయటికి పోవడానికి ఒక గొట్టం ఉంటుంది. జీపు కార్బొరేటరుకు అడ్డం వస్తోందని దాన్ని నేను కోసి, ఎడమ పక్కకు వంచాను. ఎడమ పక్క నాయన కాళ్ళు, కాళ్ళ కింద పలకల మధ్య సందు. నీళ్ళున్న ఆముదం వేడెక్కి నురుగు కట్టి, ఆ గొట్టంలోంచి సన్నటి తుంపరై నాయన మొహం దాకా లేస్తోంది. దారిపొడవునా ఆయన దాన్ని పీలుస్తూనే ఉన్నాడు. (పొగకు, తుంపరకు అంత పని జరుగుతుందా అని ఒక డాక్టరు నాతో వాదించాడు. ఆయన ఆ కార్లో కూర్చోలేదు.) మిట్ట దిగగానే నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

‘రేయ్, నిలుపు.’

నిలిపాను. ఆయన తుండుగుడ్డ తీసుకుని, ఎన్నడూ చూడనంత వేగంగా కానుగ చెట్ల వెనక్కి పోయాడు. వచ్చాడు, ఎక్కాడు, రెండు మైళ్ళు పోయాం. ముల్లు మళ్ళీ జారుతోంది. ఇంజినా నాయనా, ఏది ముందు ఆగుతుందో తెలియని స్థితి. నాయనే ముందు ఆగాడు. ఈసారి రాగిచేను. మూడోసారి ఒక గుట్టబండ చాటు. ఆ మూడోసారే మేము దాటిన బస్సు మమ్మల్ని దాటింది. కండక్టరు తల బయట పెట్టాడుగాని, బండ చాటునుంచి తల ఒక్కటే కనిపిస్తున్న మా నాయనను చూసి, పాపం ఏమీ అనలేదు. అంతా అయిపోయిందనుకుని మడ్‌గార్డు మీద కూలబడ్డాను.

అప్పుడే నాకొక వింత తెలిసింది. కారు ఆగినప్పుడల్లా ఇంజిన్ చల్లబడి, నురుగు అణిగి, ముల్లు మళ్ళీ లేస్తోంది. ఆపకుండా తోలి ఉంటే మిట్ట దిగిన మొదటి మైలుకే ఇంజిన్ బిగుసుకుపోయేది. మా నాయన కడుపు కారణంగా అది బతికింది. ఆయన నీరసంగా వచ్చి నా పక్కన నిలబడి, నేను బయటికి లాగిన ఆయిల్ పుల్లను చూశాడు. దానికి మజ్జిగలాంటి తెల్ల నురుగు. వేలితో తీసి, వేళ్ళ మధ్య రాసి, వాసన చూశాడు.

‘ఇది ఇరుసు ఆముదం గదరా. నీళ్ళు ఇగరనే లేదు. మీ అవ్వను ఏమని అడిగినావు?’

జరిగింది చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. నెలరోజుల పని, బండ మీద అరిగిన నా అరచేతులు, అన్నీ ఒక ‘ఊ’తో పోయాయని ఏడ్చాను. మెకానిక్కు రెండేళ్ళలో తెలియనిది రైతు వేలి కొసకు తెలిసిందే అని సిగ్గుపడి ఏడ్చాను. నాయన తుండుగుడ్డను కాలవలో జాడించి, మొహం తుడుచుకుని, ఎక్కి కూర్చుని, మెల్లగా పోనిమ్మన్నాడు. నాలుగోసారి ఆగింది చిక్కబళ్ళాపురం పొలిమేరలో. అది వద్దు, చెప్పను.

మండీ ముందర మామ నిలబడే ఉన్నాడు. బస్సు వచ్చి చాలాసేపైంది. కండక్టరు మమ్మల్ని దారిలో చూసినట్టు చెప్పేసి కూడా పోయాడు. మామ గడియారం చూసి, నా మొహం చూసి, బండిలో ఏం చెడిందని నన్నడిగాడు. ఆముదం సంగతి చెబితే షెడ్డు లేదు. చెప్పకపోతే అబద్ధం. నా తరఫున అబద్ధమాడే మనిషి భూమ్మీద ఉన్నాడని నేను అనుకోలేదు. నాయన పంచె సర్దుకుంటూ దిగాడు. జన్మలో ఒక గింజ తూకం కూడా తప్పు చెప్పని మనిషి.

‘బండికేమీ కాలేదు బావా. మిట్టమీద బస్సును దాటేసింది, నేను చూసినా. బాగేపల్లి హోటల్లో వడలు తిన్నా, ఆ నూనె మంచిది కాదు. నా కడుపే నిలిపింది.’

మామ గడియారం జేబులో వేసుకున్నాడు. తర్వాత పెద్దగా నవ్వి, బస్సును దాటిన చోటు ఎక్కడో, కండక్టరు మొహం ఎట్లా ఉండిందో రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఉగాదికి నేను మడక పట్టలేదు. రేకుల షెడ్డు కింద దీపం పెట్టాను. ఆ సాయంత్రమే కారులో ఆముదమంతా దింపి పారబోశాను. (ఆ వాసన నా కడుపులో కూడా పనిచేసింది, రెండురోజులు ఆలస్యంగా.)

కాని ఆ మాటకు నాయన చెల్లించిన మూల్యం నాకు తర్వాతగాని అర్థం కాలేదు. షెడ్డు మామ గోదాము పక్కన, హోటలు ఎదురుగా. సంత రోజుల్లో నాయన వచ్చి నా స్టూలు మీద కూర్చునేవాడు. రోడ్డుకు అటు నూనెలో వడలు వేగుతుంటే వాసన ఇటు వచ్చేది. ఆయన ముక్కు కదిలేది, మనిషి కదిలేవాడు కాదు. గోదాము గుమ్మంలో మామ ఉండేవాడు కదా. హోటలాయన బాధపడి, ‘మీ నాయనకు మా మీద ఏం కోపమప్పా?’ అని నన్ను అడిగేవాడు. నేను నట్లు వెతుక్కుంటున్నట్టు వంగేవాణ్ణి. పద్నాలుగేళ్ళు ఆయన ఆ గడప తొక్కలేదు.

మామ పోయిన మరుసటి ఏడు, ఒక సంతరోజు, నేనే ఆకులో రెండు వడలు కట్టించుకుని వచ్చి ఆయన ముందు పెట్టాను. నాయన గోదాము వైపు చూశాడు. అలవాటు. అక్కడ ఎవరూ లేరు. ఒక వడ తుంచి నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలాడు.

‘నూనె బాగుండాది,’ అన్నాడు. రెండోది తుంచుతూ, ‘అప్పుడు గూడా బాగానే ఉన్నింది.’

చేతికంటిన నూనెను మోచేతికి రాసుకున్నాడు. ఈ మధ్య మా మనవడి కొత్త కారులో చిక్కబళ్ళాపురం పోయాను. ఆ మిట్ట ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో తెలియలేదు. ఆయిల్ ముల్లు ఎక్కడరా అని అడిగితే, ఇప్పుడు ముల్లు లేదు తాతా, ఏదైనా అయితే దీపం వెలుగుతుందన్నాడు. సరే అని కూర్చున్నాను. అయినా దారంతా ఆ దీపం ఉండేచోటే చూస్తూ పోయాను, ఆనాడు నాయన కూర్చున్నట్టే పక్క సీట్లో కూర్చుని.