నాలుగు ప్లగ్గుల సతాయింపు

బుడ్డోడా, పోయేవాడివి పోయావు, ఆ బండికి ప్లగ్గులు మార్చి పోకూడదా?

ఇలా అడుగుతున్నానని నన్ను తప్పు పట్టకండి. నా కొడుకు ఈ వానాకాలంలో జ్వరంతో పోయాడు. మామూలు జ్వరమే అనుకున్నాం. డెంగీ అన్నారు, రక్తం ఎక్కించారు, చివరికి చేతులెత్తేశారు. దినాలు అయిపోయాయి, చుట్టాలు ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఇంటి ముందు సందులో వాడి పికప్ బండి మాత్రం కదలకుండా నిలబడి ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది. మీసాలొచ్చినా, పెళ్లయినా నాకు వాడు బుడ్డోడే. బుడ్డోడి మీద కాకపోతే ఎవరి మీద కోపపడను?

మేముండేది ఉప్పుగూడలో. వాడు బార్కస్‌లో ఒక టెంట్‌హౌస్‌కు బండి నడిపేవాడు. కుర్చీలు, షామియానాలు, పెళ్లివంటల డేగులు ఫంక్షన్ హాళ్లకు చేర్చేవాడు. డేగు అంటే చిన్న గిన్నె కాదు, అందులో నేను కూర్చుంటే బయటికి కనబడను. వంట వేరేచోట అయితే వండిన అన్నం కూడా వీడి బండిలోనే వెళ్లేది. బండి గ్యాసు మీద నడుస్తుంది. గ్యాసు బండ్లు ప్లగ్గుల్ని తొందరగా తినేస్తాయట. ప్లగ్గు అంటే ఏమీ లేదు, వేలెడంత వస్తువు. ఇంజన్ లోపల నిప్పురవ్వ పుట్టిస్తుంది. పొయ్యికి అగ్గిపుల్ల ఎలాగో ఇంజన్‌కు అది అలాగ. మా బండికి నాలుగు కావాలి.

నాలుగు ప్లగ్గులు కొనడానికి ఎంతసేపు పట్టాలి మీరే చెప్పండి. పత్తర్‌గట్టిలో నా కోడలి పెళ్లి చీర కూడా నేను అంతసేపు ఏరలేదు. వీడు డబ్బా తెరుస్తాడు, ప్లగ్గును వెలుతురుకు పట్టుకుంటాడు, మర మీద వేలు రాస్తాడు, తెల్ల పింగాణీని గోరుతో కొడతాడు, మళ్లీ డబ్బాలో పెట్టేస్తాడు. అక్కడినుంచి ఇంకో దుకాణం. ఒకసారి కూరగాయలకని నేను కూడా బండెక్కి ఇరుక్కుపోయాను. ఎండ నడినెత్తికి వచ్చింది. నా సంచిలో కొత్తిమీర వాడిపోయింది.

"ఏంరా, పిల్లను చూడనీకి వచ్చినవా, ప్లగ్గు కొననీకి వచ్చినవా?" అని దుకాణం ముందే అరిచాను.

"పిల్లనైతే గింత చూడలేదు గదనే అమ్మా. నువ్వు చూపించినవ్, నేను తలకాయ ఊపిన."

"గిప్పుడు కూడ తలకాయ ఊపి తీస్కో మరి."

"పిల్ల మంచిది దొరికింది, సరిపాయె. నకిలీ ప్లగ్గు దొరికితే ఎవలను అడగాలె?"

దుకాణదారు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు ప్లగ్గులు కొనకుండానే ఇంటికి వచ్చాం.

ఇంకో రోజు బండిలోంచి ప్లగ్గులు విప్పి అరుగు మీద పెట్టి స్నానానికి వెళ్లాడు. నల్లగా, జిడ్డుగా ఉన్నాయి. పాపం, ఎప్పుడు చూసినా వాటితోనే కుస్తీ పడుతున్నాడు, కాస్త సాయం చేద్దామని చింతపండు, ఇసుక వేసి ఇత్తడి బిందె తోమినట్టు తోమాను. తళతళా మెరిశాయి. వాడు తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చి అక్కడే నిలబడిపోయాడు.

"ఏం చేసినవే అమ్మా!"

"తోమిన. మస్తు గలీజుగ ఉండె."

"డాక్టర్ దగ్గరికి పోయేముందు నాలుక గీకినట్టు చేసినవ్ గదనే! నాలుక చూసే గద ఆయన రోగం చెప్పేది!"

"అయితే డాక్టర్‌కు గలీజు నాలుక చూపిస్తవా?"

వాడు నెత్తి మీద చేతులు పెట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. తర్వాత ఓపికగా చెప్పాడు. ప్లగ్గు మొన ఇరానీ చాయ్ రంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. మసిలా నల్లగా ఉంటే ఒక జబ్బు. సున్నంలా తెల్లగా ఉంటే లోపల వేడి ఎక్కువైనట్టు. "రంగు కడిగేసినవ్, ఇప్పుడు నేను దేన్ని చూసి చెప్పాలె?" అన్నాడు. నేను మాత్రం ఒప్పుకోలేదు. మాసింది తోమితే తప్పేమిటని ఇప్పటికీ అంటాను.

ఇంత సతాయింపు ఎందుకురా అని ఒకనాడు గట్టిగా అడిగాను. అప్పుడు వాడు అన్న మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "పెళ్లోళ్ల అన్నం మన బండిల ఉంటదమ్మా. నడిరోడ్డు మీద బండి ఆగితే ఆగింది బండొక్కటే కాదు. అక్కడ ఎంతమంది చేతులు కడుక్కొని కూసుంటరు, సోచాయించు." ఆ మాట నిజమే అయ్యేసరికి నాకు ఇంకా కోపం వచ్చింది.

జ్వరం రాకముందు బండి మళ్లీ ఎగిరెగిరి పడుతూ నడవడం మొదలుపెట్టింది. ఆ ప్లగ్గులు పెట్టి ఎక్కువ కాలం కాలేదు. "ఇవి మన ఇంజన్‌కు పడలేదు, వేరే రకం చూడాలె" అన్నాడు. వెతికాడు, తిరిగాడు, ఏదీ నచ్చలేదు. అంతలో పడకేశాడు. ఏ రకం కావాలో పెళ్లాంతో కూడా చెప్పలేదు. బతికుంటే రెండు తగిలించేదాన్ని.

దినాలైన మర్నాడు టెంట్‌హౌస్ యజమాని వచ్చాడు. పెద్దమనిషి, కుర్చీ వేసినా చాలాసేపు కూర్చోలేదు.

"అమ్మా, నీ కొడుకు నాకు తమ్ముని లెక్క. ఈ మాట అడగనీకి నోరొస్తలేదు. గానీ శుక్రవారం ఒక పెళ్లోళ్ల వలీమా దావత్ ఉంది. వేరే బండి మాట్లాడుకోవాల్నా?"

నేను ఏదో అనేలోపే పరదా వెనకనుంచి బయటికి వచ్చి నా కోడలు అంది, "వద్దు భాయ్. డేగులు నేను తెస్త."

ఆయన నా ముఖం చూశాడు, నేను కోడలి ముఖం చూశాను. ఆమెకు బండి నడపడం వాడే నేర్పించాడు, లైసెన్సు కూడా తీయించాడు. సరదాకి అనుకున్నాను.

ఇక్కడ నా భయం మీకు చెప్పాలి. కోడలి అన్న ఉండేది షాద్‌నగర్‌లో. "ఆడపిల్ల డేగులు మోసుడేంది? బండి అమ్మేద్దాం, మా ఇంటికి రా" అని ముందే చెప్పి వెళ్లాడు. ఆదివారం బండి కొనేవాడిని తీసుకుని వస్తానన్నాడు. ఆ అమ్మాయికి వెళ్లాలని లేదు. నాకు పంపాలని లేదు. శుక్రవారం బండి కదిలితే ఆమెకు ఇక్కడ పని ఉంటుంది, కదలకపోతే ఆదివారం బండీ పోతుంది, కోడలూ పోతుంది. అంతా ఆ నాలుగు ప్లగ్గుల దగ్గర ఆగింది.

సందులో అందరూ మెకానిక్కులే. ఒకాయన, "ఆంటీ, కండ్లు మూసుకొని ఇరీడియం ప్లగ్గులు పెట్టుండ్రి, చాలా రోజులొస్తయ్" అన్నాడు. ఇంకొకాయన ఇరీడియం దండగ అన్నాడు. మూడో ఆయన పాతవే గీకి మళ్లీ పెట్టమన్నాడు. ముగ్గురూ మా అరుగు మీదే కొట్లాడుకున్నారు, మా ఇంటి చాయే తాగారు. ఆ లొల్లికి నా తల పగిలిపోయింది. కోడలు బానెట్ ఎత్తి ప్లగ్గులు విప్పింది. నాలుగింటి మొనలూ సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. నా చేతులు ఊరికే ఉండవని తెలుసు కదా, నాకు ఇవ్వకుండా కాగితంలో చుట్టి కొంగున కట్టుకుంది.

వాడు ఎక్కువగా వెళ్లే దుకాణానికి ఇద్దరం ఆటోలో వెళ్లాం. కోడలు కాగితం విప్పి ఏ బండివో చెప్పగానే ముసలి దుకాణదారు గుర్తుపట్టాడు.

"అరే, ఆ టెంట్‌హౌస్ ఆయన బండి! యా అల్లా, ఏం సతాయిస్తడు బిడ్డా! దుకాణం మొత్తం దింపిస్తడు, ఒక్క సెట్టు కొంటడు. నాకు మోకాళ్ల నొప్పులు, నిచ్చెన ఎక్కి దిగి చస్తున్న. ఎక్కడున్నడు? భయపడి మిమ్మల్ని పంపిండా?"

నేను నేల చూపులు చూశాను. కోడలే చెప్పింది.

ఆయన అటు తిరిగి చాలాసేపు అరలో డబ్బాలు సర్దుతూ నిలబడ్డాడు. సర్దడానికి అక్కడ ఏమీ లేదు. తర్వాత నిచ్చెన వేసుకుని, మోకాళ్లు పట్టుకుంటూ ఎక్కి, ఉన్న డబ్బాలన్నీ దింపి బల్ల మీద పెట్టాడు.

"చూడుండ్రి" అన్నాడు. "ఆయన ఎట్ల చూస్తుండెనో గట్లనే చూడుండ్రి. నాకేం తొందర లేదు."

కోడలు ఒక్కొక్కటి వెలుతురుకు పట్టుకుంది. ఇరీడియం సంగతి అడిగింది. "అది మంచిదే బిడ్డా, మస్తు రోజులొస్తది. గానీ ప్లగ్గు ఎంత వేడికి ఆగుతదో చెప్పే వేడి నంబరు వేరే. మొన బంగారంతో చేసినా నంబరు తప్పైతే మళ్ల గిట్లనే తెల్లగ కాలుతది" అన్నాడాయన. మా పాతవాటికంటే ఒక మెట్టు చల్లటి నంబరు కావాలని తేలింది. అది మామూలు రకంలోనే దొరికింది. హమ్మయ్య అనుకున్నాను.

ఆయన పొట్లం కట్టబోతుంటే నాకు ఎందుకో మనసొప్పలేదు. నాలుగూ బల్ల మీద వరసగా నిలబెట్టమన్నాను. ప్రతి ప్లగ్గుకూ నడుము దగ్గర ఒక సన్నటి ఉంగరంలాంటిది ఉంటుంది. మూడింటికి గుండ్రంగా ఉబ్బి ఉంది. నాలుగోదానికి అణిగిపోయి ఉంది.

"గిదేంది, గీ ఉంగరం నలిగింది?"

ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాడు. "ఎవడో ఒక్కసారి బిగించి వాపస్ ఇచ్చినట్టున్నడు. నేను చూసుకోలే." ఇంకొకటి తీసిస్తూ నా వైపు చూశాడు. "అమ్మా, అచ్చం నీ కొడుకు లెక్కనే సతాయిస్తున్నవ్."

ఇన్నేళ్లు వాడు ఎవరి పోలికో అని విసుక్కున్నాను. ఆ మాట విని అక్కడే బల్ల పట్టుకుని ఏడ్చాను. ముసలాయన ఫ్యాన్ నా వైపు తిప్పాడు.

ఇంటికొచ్చాక కోడలు వాడి సామాన్ల డబ్బాలోంచి ఇనుము కోసే రంపపు బ్లేడు ముక్క తీసింది. ప్లగ్గు మొనకూ పైన వంగిన కొక్కేనికీ మధ్య సందు ఎంతుండాలో వాడు దాంతోనే చూసేవాడట. బ్లేడు దూరాలి, దూరేటప్పుడు కాస్త పట్టుకోవాలి. నాలుగూ అలా చూసి చేత్తోనే మర ఎక్కించి, చివర్లో పానాతో బిగించింది. తాళం తిప్పితే బండి ముసలాడిలా దగ్గింది. నేను వాడిని నాలుగు తిట్లు తిట్టాను. రెండోసారి తిప్పితే అందుకుంది, ఇంక ఎగరలేదు.

శుక్రవారం కోడలు చున్నీ నడుముకు బిగించి బండి తీసింది. సందులోవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. అరుగు మీద కొట్లాడిన ముగ్గురూ ఎవరికి వారే "నేను చెప్పిందే పెట్టింది" అన్నారు. నేను ఏ పనీ చేయలేక వాకిట్లోనే కూర్చున్నాను. బండి చప్పుడు వినబడినప్పుడల్లా లేచాను.

చీకటి పడకముందే వచ్చింది. చెమటతో తడిసిపోయి ఉంది, చేతులకు మసి. బండి ఎక్కడా ఆగలేదట. డేగులు దించుకున్న వంటవాళ్లు "ఆయన పెళ్లామా?" అని అడిగి, మోయనివ్వకుండా వాళ్లే మోశారట. ఆదివారం ఇంకో దావత్ ఉందని టెంట్‌హౌస్ భాయ్ చెప్పాడట. ఇదంతా చెబుతూనే చేతులు కడుక్కుని పీట వాల్చుకుంది.

"అత్తమ్మా, మస్తు ఆకలైతుంది."

వాడు పోయినప్పటినుంచి ఆ పిల్ల ఆకలి అనలేదు. నేను పెడితే మెతుకులు కెలికి లేచేది. అన్నం, పచ్చిపులుసు పెట్టాను. తింటుండగా ఫోన్ మోగింది, వాళ్ల అన్న. నోట్లో ముద్ద పెట్టుకునే మాట్లాడింది.

"అన్నా, ఆదివారం ఎవల్ని తేకు. బండికి కిరాయి ఉంది. మళ్ల మాట్లాడుత, తింటున్న."

ఫోన్ పక్కన పెట్టి కంచం నా వైపు జరిపింది. "ఇంకింత పెట్టు" అంది. పెట్టాను. నేను కూడా ఎదురుగా కంచం పెట్టుకుని కూర్చున్నాను.

నా కొడుకు గురించి ఇంతసేపు చదివారు. మీరు కూడా లేచి వేళకు కడుపునిండా తినండి.