నూరో నంబరుకు నూరు క్యాండిల్

పటమటలో మా ఇంటికి కరెంటు వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో. నాన్నది గుంట మగ్గం. నూలిచ్చి నేయించుకునే షావుకారు సన్న పంచెలన్నీ ఆయనకే ఇచ్చేవాడు. ఆ సంగతి ఎవరూ అడక్కుండానే నాన్న చెప్పేవారు. అమ్మ రాట్నం మీద కండెలు చుట్టేది, నేను నూలు చిక్కులు తీసేదాన్ని.

ఆ రోజుల్లో బల్బును క్యాండిళ్ళలో అడిగేవాళ్ళం. గాజు మీద అచ్చయి ఉండేది వాట్లు. అయినా కొనేవాడూ అమ్మేవాడూ క్యాండిలనే అనేవాళ్ళు. ఆ మాటకు అసలు అర్థం నాకు కాలేజీలో చేరాక గాని తెలియలేదు. ఇంత బరువుండాలి, గంటకు ఇంతే కరగాలి అని నిర్ణయించిన ఒక కొవ్వొత్తిని ప్రమాణంగా పెట్టుకుని, దీపం ఒక దిక్కుకు దానికన్నా ఎన్ని రెట్లు బలంగా వెలుగుతుందో చెప్పడమే క్యాండిల్ పవర్. అది దీపం బలం సంగతే. గుడ్డ మీద ఎంత పడిందో, చూసేవాడి కంటికి ఎంత అందిందో ఆ అంకె చెప్పదు.

నాన్న మాత్రం దాన్ని నూలు నంబరులా అర్థం చేసుకున్నారు. నూలులో నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. కాబట్టి క్యాండిల్ పెరిగేకొద్దీ వెలుగు కూడా నాజూగ్గా దిగుతుందని ఆయన లెక్క. నలభయ్యో నంబరుకు నలభై, అరవయ్యో నంబరుకు అరవై. పేటలో నేతవాళ్ళంతా సబబే అన్నారు. లోకాన్నంతా పోగులతో కొలిచేవాళ్ళం మరి.

అంతలో ఆయన పంచెల్లో పోగు తప్పడం మొదలైంది. షావుకారు మొదట ఊరుకున్నాడు. తర్వాత ఒక తాను తిప్పి పంపి, మళ్ళీ తప్పితే సన్న నూలు ఇవ్వనన్నాడు. సన్న నేత పోతే నాన్నకు పరువు పోయినట్టే. ఆ పంచెలది నూరో నంబరు నూలు కాబట్టి, బెజవాడ బజారుకు వెళ్ళి నూరు క్యాండిల్ బల్బు తెచ్చి, మగ్గానికి నేరుగా పైన వేలాడదీశారు. ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. నాకు చీమ కాళ్ళు కూడా కనిపిస్తున్నాయి. నాన్న గుంటలో దిగి, కండె పెట్టిన నాడెను పడుగు పోగుల మధ్య ఒకసారి విసిరి, ఆగిపోయారు.

"వెలుగే కనపడతందే, పోగు కనపళ్ళేదు," అన్నారు అమ్మతో.

అమ్మ ఆయన గడ్డం పట్టుకుని మొహం దీపం వైపు తిప్పింది. రెండు కళ్ళలోనూ తెల్లటి పొర. ఎప్పటి నుంచి అని అడిగితే ఆయన గడ్డం విడిపించుకున్నారు. అటువంటి కంటికి దీపం పెంచేకొద్దీ చూపు చెదురుతుందని తర్వాత డాక్టరు చెప్పాడు. కంటికి కత్తి అంటే నాన్నకు భయం, ఆ మాటే ఎత్తనివ్వలేదు. నాకు జాలి కంటే ముందు కోపమే వచ్చింది.

మర్నాడు పొద్దున ఆయన గుంటలో దిగలేదు. మగ్గం మీద ఆడవాళ్ళు కూర్చోవడం మా ఇంట అప్పటిదాకా లేదు, చూసి చూసి అమ్మకు నేత వచ్చినా సరే. కండెలు చుట్టడమేమో ఆడవాళ్ళ పని. మగవాడు రాట్నం పడితే పేటంతా నవ్వుతుంది. నాన్న ఆ రాట్నాన్నే తన ముందుకు లాక్కున్నారు.

"నువ్వు దిగు," అన్నారు అమ్మతో. "దీనికి చూపుతో పన్లేదు."

అమ్మ దిగింది. నాన్న పోగును వేళ్ళ మధ్య తడిమి పట్టుకుని కండె చుట్టసాగారు. నేను లేచి వీధి తలుపు మూయబోతే వద్దన్నారు.